పదకొండు

టక్ టక్ టక్ మని నిప్పురవ్వ,
భుస్సుమని నీలం మంట.
ఒకటి, రెండు, మూడు...
పదకొండు దగ్గర ఆరిపోతుంది.
బకెట్లో చెంబెడు వేడినీళ్ళు,
వాటి నెత్తిన చన్నీళ్ళు.

మిట్టూరులో ధనుర్మాసం.
నీవా వంక మీంచి మంచు లేచొచ్చి
దండెం మీది గుడ్డల్ని మళ్ళీ తడిపే యాళ.
గీజరు బిగించిన జిలానీ గుడియాత్తంలో ఉన్నాడు,
చెల్లెలి నిశ్చితార్థం.
ఫోన్లో వాని గొంతుకన్నా దబరాల చప్పుడే ఎక్కువ.

"అక్కా, సెల్లులు మార్చినావా?"
మార్చినా. గోడగడియారంలోవి పీకి పెట్టినా.
ఇంట్లో టైము ఆరూ ఇరవైకి నిలిచిపోయింది,
గీజరు పదకొండుకే.
"సిలిండరు?" మొన్న శుక్రవారందే.
"నీళ్ళు సన్నంగా వస్తాయా?"
జాలీ విప్పినా. తెల్లటి పెచ్చులు,
మా బోరునీళ్ళ ఎముకలు.
రాత్రంతా చింతపండు పులుసులో నానేసి
తెల్లారి చీపురుపుల్లతో గీకినా.
పదకొండు.

"మంట పక్కన ముల్లు మాదిరి ఒకటి ఉంటాది,
ఉప్పుకాగితంతో మెల్లిగా తుడువు.
మంట ఉందా లేదా అని
తడిమి చూసే వేలక్కా అది."
ఇరవై ఏండ్లు జాకెట్లు కుట్టిన చేతులు,
ముల్లుకు నొప్పి తెలీకుండా తుడిచినా.
పన్నెండు!
ఒక్క అంకెకు ఎంత సంబరపడినానో.
ఇంకోసారి తిప్పితే, పదకొండు.

ఎదురింటి మొగిలయ్యన్న ప్లయరు పట్టుకొని వచ్చినాడు.
"ఈ రెండు వైర్లూ కలిపేస్తే సరిమే.
ఇంక ఆరమన్నా ఆరదు."
ఆరమన్నా ఆరదు.
ఆ మాట నచ్చింది నాకు. అబద్ధమెందుకు, నచ్చింది.
వైరు తోలు ఒలిచేదాకా వచ్చినాము.

"వద్దక్కా!" ఫోన్లోంచే అరిచినాడు జిలానీ.
"అది చెడిపోయి ఆరేది కాదు.
లోపల గాలి చాలక, మిమ్మల్ని చంపలేక ఆరతా ఉంది.
కిటికీ ఎట్లుంది?"

కిటికీ.

కిటికీకి పాత ఫ్లెక్సీ, నాలుగు మేకులు,
అంచులెంబడి సందు లేకుండా ఎంసీలు.
ఎవరిదో పుట్టుఎంట్రుకల పండగ,
తలకిందులుగా నవ్వే పాప.
కొట్టింది నేను కాదు. మా ఆయనా కాదు.
మా చందన. పద్నాలుగేండ్లది.
ఎవర్నీ పిలవకుండా, బొటనవేలు నలగ్గొట్టుకొని.
"చలిమా" అనింది.
ఇంట్లో ఇంకా ఫ్యాను తిరుగుతా ఉండిన దినాలవి.

ఒక మేకు పీకి చూసినా.
పక్కింటోళ్ళు లేపతా ఉండే మూడో అంతస్తు,
పూత పడని ఇటుకలు, సారవకట్టెలు,
సరీగ్గా మా కిటికీ ఎత్తుకు ఒక పలక.
పలక మీద టీ గ్లాసు.
గ్లాసు నిండా బీడీ ముక్కలు.

బిడ్డ నోరు తెరవలేదు.
గాలాడని గదిలో గబగబా నీళ్ళు గుమ్మరించుకొని
గుడ్డలు తడితడిగానే తొడుక్కొని వచ్చేసేది.
మంట ఓర్చుకోలేదు.
ముట్టించినప్పుడల్లా పదకొండు లెక్కపెట్టి మరీ చెప్పింది.
మేము దానికి సెల్లులు మార్చినాము.

మొగిలయ్యన్న ప్లయరుతోనే మిగతా మేకులూ పీకించినా.
తలుపు కింద కూడా రెండు వేళ్ళ సందు కోయించినా.
"పోసుకోపో చందనా" అని
మడతకుర్చీ చంకన పెట్టుకొని
పక్కింటి మెట్లెక్కినా.

టీ గ్లాసు పక్కకు జరిపి
పలక కడ్డంగా కుర్చీ వేసుకున్నా.
ఒళ్ళో ఉక్సులు కుట్టాల్సిన జాకెట్టు.
సిమెంటు బాండలితో పైకొచ్చిన ఒకడు
నన్ను చూసి మెట్టు మీదే నిలబడిపోయినాడు.
నేనేమీ అనలేదు.
వాన్నే చూస్తా సూదికి దారం ఎక్కించినా,
తడుముకోకుండా.

వెనకాల టక్ టక్ టక్. భుస్.
తెరిచిన కిటికీలోంచి ఆవిరి నా వీపుకు తగలతా ఉంది.
పదకొండు.
పన్నెండు.
ముప్పై దాటినాక లోపల చెంబు చప్పుడు నిదానించింది,
ఏదో కూనిరాగం.

ఒళ్ళో ఫోన్లో జిలానీ అడగతానే ఉన్నాడు:
"ఎంతక్కా? ఎంతకొచ్చింది?"